తుమ్మకంప దగ్గర రొట్టెల పరుగు

ఒదిలోన్ అడగలేదు.

ఫిదెన్సియో కడుపుమంటంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. అడిగి, కాదనిపించుకుని, బతిమాలి తీసుకుని ఉంటే అదో లెక్క. అడగనే లేదు. పోయిన ఆదివారం ఊరి సభలో లేచి, మైకు ఊది, "ఈసారి అన్నమ్మ తల్లి పండక్కి ఆడవాళ్ళ రొట్టెల పరుగు ఫిదెన్సియో చేలోంచి పోతుంది" అని చెప్పేశాడు. తన పెరట్లో గొర్రెను కట్టేసినంత తేలిగ్గా చెప్పాడు.

ఫిదెన్సియో లేచి నిలబడ్డాడు. "నువ్వెవరు చెప్పడానికి?" అన్నాడు.

సభ అంతా చప్పబడిపోయింది. ఎవరికీ ఆ ప్రశ్న వినపడలేదు. 'నువ్వు' మాత్రమే వినపడింది.

వాళ్ళిద్దరూ ఒకప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే జామకాయ కొరుక్కుని, 'ఒరే' అంటే 'ఒరే' అనుకున్నవాళ్ళే. మూడో తరగతి తర్వాత ఫిదెన్సియో కాడి పట్టాడు, ఒదిలోన్ కలం పట్టాడు. అయినా 'నువ్వు' పోలేదు. ఫిదెన్సియో కూతురి బాప్తిస్మంలో ఒదిలోన్ జ్ఞానతండ్రిగా నిలబడి తలమీద నీళ్ళు పోయించిన రోజున పోయింది. ఆ రోజు నుంచీ వాళ్ళు ఒకరికొకరు 'కొంపాద్రే', ఆడవాళ్ళయితే 'కొమాద్రే'. కొంపాద్రేని 'మీరు' అనాలి. తాగినా, తిట్టినా, చచ్చినా 'మీరు' అనే అనాలి. దేవుడి నీళ్ళు పడ్డ చోట మనిషి 'నువ్వు' పనికిరాదు.

ఆ సభ నుంచి ఫిదెన్సియో పెళ్ళాం ఎర్లిందా మొగుడితో మాట మానేసింది. చెప్పాల్సినవన్నీ టర్కీకోడికి చెబుతోంది.

"కాఫీ చల్లారిపోతోందని చెప్పు ఆయనకి," అంది ఇవాళ పొద్దున. పొయ్యి ముందు కూర్చుని, సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బిన మొక్కజొన్న పిండిని అరచేతుల మధ్య తడుతోంది. రొట్టె వెనక రొట్టె మట్టిపెనం మీద పడుతోంది.

టర్కీకోడి మెడ ఊపింది.

"అన్నీ నేనే చేశానా?" అన్నాడు ఫిదెన్సియో కోడివైపే చూస్తూ. "మైకులో ఊదింది నేనా?"

"కంప కొట్టి చేనుకి అడ్డంగా వేసింది మాత్రం ఒదిలోన్ కాదని చెప్పు."

"నా చేను. నా కంప."

"నోరు కూడా ఆయనదేనని చెప్పు."

గోడవార జడ అల్లుకుంటున్న యురీదియా తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. పట్నంలో నర్సు చదువు చదువుతోంది. పండక్కని వచ్చింది.

"పాపం, ఆ కోడిని రేపు పండక్కి కోస్తారు," అంది. "తర్వాత మీ ఇద్దరి మధ్యా ఎవరుంటారు?"

ఎర్లిందా పెదవి కదిలింది. నవ్వు కాదు. నవ్వుకి పిన్ని కూతురు లాంటిది.

ఫిదెన్సియో చల్లారిన కాఫీ తాగాడు.

అతని కోపంలో న్యాయం లేదని కాదు. పరుగు ఇన్నేళ్ళూ తారురోడ్డు మీదే సాగింది. ఇప్పుడక్కడ ఇసుక లారీలు తిరుగుతున్నాయి. పోయిన ఏడు ఒక లారీ గాలికి ఒకామె వీపు మీద బుట్ట తిరగబడి, రొట్టెలన్నీ రోడ్డుపాలయ్యాయి. దారి మార్చాల్సిందే. కాలవగట్టు మీంచి వచ్చి, ఫిదెన్సియో చేను మధ్యలో నీళ్ళు పెట్టుకోవడానికి వదిలిన సన్నబాట వెంబడి పోతే, గుడి వాకిట్లో తేలతారు. అంతకంటే దగ్గర దారి లేదు. పండగ కమిటీవాళ్ళు గీత గీసుకుని చూశారు. గీత గీసేవాడికి మొక్కజొన్న అడ్డు రాదు కదా.

కానీ ఆ ఊళ్ళో ఒక మాట ఉంది. పండగ తొక్కిన దారికి గడియ లేదు. చేనుగలాయన నోటితో 'ఊ' అని, పండగ ఆ నేలమీద నడిచిందంటే, ఇక అది ఊరిది. మళ్ళీ నాగలి పెట్టకూడదు.

అందుకే ఫిదెన్సియో 'ఊ' అనలేదు. రెండు తుమ్మచెట్లు నరికి, చేను మొదట్లో కంప అడ్డం వేశాడు.

* * *

సాయంత్రం వాకిలి బయట ఈల వినపడింది.

ఫిదెన్సియో మచ్చుకత్తి నూరుకుంటున్నాడు. తలెత్తలేదు.

ఆ ఊళ్ళో మనిషన్నవాడు గుమ్మం ముందు నిలబడి 'రావచ్చా' అంటాడు. లోపలివాడు 'రండి, ఇది మీదే' అంటాడు. అప్పుడే కాలు లోపల పడుతుంది. పగవాడు వచ్చినా అంతే. తుమ్మితే 'చిరంజీవ' అన్నట్టు, ఆ జవాబు ఆలోచించి అనేది కాదు. తల్లిపాలతో పాటు నోట్లోకి వచ్చింది. కమిటీ అధ్యక్షుడయ్యాక ఒదిలోన్‌కి 'రావచ్చా' మరుపొచ్చి, ఈల వేయడం అలవాటైంది.

"ఈల వేస్తే కుక్కలొస్తాయి, కొంపాద్రే," అన్నాడు ఫిదెన్సియో. "మా ఇంట్లో కుక్క లేదు."

"మీరు పలకరని ఈల వేశాను."

"మీరు అడగరని పలకలేదు."

ఒదిలోన్ టోపీ తీసి గుమ్మానికి ఆనుకున్నాడు. చేతిలో రేపటి పరుగుకి ఆకుపచ్చ జెండా చుట్ట ఉంది. "మీరు ఆ కంప తీయించాలి."

"మీరు ఆ పరుగు మళ్ళించాలి."

"లారీలు మీకు కనపడవా?"

"కనపడతాయి. నా పైరే మీకు కనపడదు. నడుముదాకా లేచింది. దాని పక్కన గుమ్మడి పాదు పూత మీదుంది. మీ జెండా పట్టుకుని రండి, అదెవరి కష్టమో చూపిస్తాను."

"తల్లి పండక్కి రెండు సాళ్ళు వదల్లేరా?"

"తల్లి అడిగితే వదులుతాను. మీరు తల్లా?"

లోపల్నుంచి యురీదియా కిసుక్కున నవ్వింది. ఒదిలోన్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ మాట వదిలెయ్యండి. సభలో నన్ను మీరన్న మాట సంగతేంటి?"

"ఏ మాట?"

"అది నా నోటితో అనను."

"'నువ్వు' అన్నాను."

"ఇప్పుడు రెండోసారి!"

"అనలేదు. అన్నది చెప్పాను."

"అన్నా చెప్పినా చెవికి ఒకటే. క్షమాపణకి రొట్టెలు, కల్లు పట్టుకుని మీరు మా గడప తొక్కాలి. అది పద్ధతి."

"పద్ధతి గురించి మీరు చెబుతున్నారా? గుమ్మంలో ఈల వేసి?"

ఇద్దరికీ ఆయాసం వచ్చింది. అన్ని 'మీరు'లతో తిట్టుకోవడమంటే బూట్లేసుకుని ఎద్దుని తోలినట్టే. కాళ్ళు బిగుసుకుపోతాయి, పని సాగదు.

అప్పుడు ఎర్లిందా బయటికొచ్చింది. మొగుణ్ణి దాటుకుని, గుమ్మం దాకా పోయి, వేడి కాఫీ గిన్నె ఒదిలోన్ చేతిలో పెట్టింది.

"రండి కొంపాద్రే, ఇది మీదే. నా పేరు రాశారా?"

"మొదటి వరుసలోనే రాశాను, కొమాద్రే."

నూరే రాయి మీద కత్తి ఆగిపోయింది. "ఏం పేరు?" అన్నాడు ఫిదెన్సియో.

ఎర్లిందా లంగాకి చేతులు తుడుచుకుంది.

"యురీదియా! ఏం పేరు?"

"అమ్మ పరిగెత్తుతోంది నాన్నా. రేపు. రొట్టెల పరుగులో."

"ఈ వయసులోనా? ఆ మోకాళ్ళతోనా?"

ఎర్లిందా టర్కీకోడి కోసం చుట్టూ చూసింది. అది గంపకింద ఉంది. చేసేది లేక ఒదిలోన్‌తోనే చెప్పింది. "పెళ్ళైన దగ్గర్నుంచీ రోజూ నలభై కిలోల రొట్టెలు వీపుకి కట్టుకుని పట్నం బస్సు వెనక పరిగెత్తుతున్నాను, కొంపాద్రే. బస్సు వెనక పరిగెడితే ఎవరూ చప్పట్లు కొట్టరు. ఒక్కసారి చప్పట్లు కొట్టే చోట పరిగెడదామని."

"ఎటునుంచి పరిగెడుతుందట?" అన్నాడు ఫిదెన్సియో.

"దారి ఎటుంటే అటు," అంది ఎర్లిందా కాఫీ గిన్నెవైపు చూస్తూ.

ఒదిలోన్ కాఫీ చివరిదాకా తాగి, టోపీ పెట్టుకున్నాడు. "రేపు ఆడవాళ్ళు మీ కంప దాకా వస్తారు, కొంపాద్రే. తర్వాత మీ ఇష్టం, మీ ఆవిడ అదృష్టం."

* * *

పండగ రోజు ఎండ మంచి హుషారుగా లేచింది. గుడి మైకులో బ్యాండు పాటలు. మొదటి బహుమతి గ్యాస్ పొయ్యి, రెండోది మిక్సీ. కట్టెపొయ్యి మీద తప్ప రొట్టె కాల్చని ఆడవాళ్ళకి గ్యాస్ పొయ్యి బహుమతి పెట్టాలని తోచింది కూడా కమిటీకే.

ఫిదెన్సియో కంప పక్కన బోర్లించిన బిందె మీద కూర్చున్నాడు. ఒళ్ళో మచ్చుకత్తి. కాలవగట్టు మీద జనం చేరారు. పరుగు చూడ్డానికి వచ్చినవాళ్ళకంటే ఫిదెన్సియోని చూడ్డానికి వచ్చినవాళ్ళే ఎక్కువ.

"కంపకి కాపలా కంపే చాలదా, ఫిదెన్సియో? నువ్వెందుకు గుచ్చుకుంటూ?" అని కల్లు ముంత చేతిలో ఉన్న ఒక ముసలాయన అడిగాడు.

"నువ్వెళ్ళి నీ ముంత కాపలా కాసుకో."

అవతలి గట్టు మీద ఒదిలోన్ జెండా పట్టుకుని నిలబడ్డాడు. ఇటు చూడ్డంలేదు. చూడ్డంలేదని తెలిసేటట్టు నిలబడ్డాడు.

కాలవ వంపు దగ్గర దుమ్ము లేచింది.

రొట్టెల పరుగులో ఎవరి బట్టలతో వాళ్ళు పరిగెత్తాలి. రోజువారీ లంగా, ముందు కట్టుకునే పొయ్యిగుడ్డ, తోలు చెప్పులు. ఎవరి చేత్తో చేసిన రొట్టెలు వాళ్ళ వీపు మీద, బుట్టలో, నుదుటికి పట్టీ వేసి. బుట్ట నేలకి తగిలితే పరుగు పోయినట్టే. చివర్లో ఆ రొట్టెలతోనే ఊరందరికీ భోజనం.

ముందు వస్తున్నామె నడకని ఫిదెన్సియో దుమ్ములోనే గుర్తుపట్టాడు. కుడికాలు కొంచెం బయటికి వేస్తుంది. బస్సు మెట్టు పట్టుకోడానికి అలవాటైన కాలు. ఎర్లిందా! అందరికంటే ముందు. వెనకాల పదిబారల దూరంలో మసెదోనియా. ఒదిలోన్ పెళ్ళాం. గట్టి మనిషి. మిగతావాళ్ళంతా వంపు దగ్గరే ఉన్నారు.

ఫిదెన్సియో లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో అతనికే తెలియదు.

ఎర్లిందా కంప దాకా వచ్చి ఆగింది.

పక్కన మేకలు దూరే సందు ఉంది. వంగితే మనిషి దూరొచ్చు. ఆమెకి తెలుసు, ఆ మేకలు వాళ్ళవే. ఆ వైపు చూడను కూడా లేదు. బుట్ట పైకీ కిందికీ ఊగుతోంది. చెమట గడ్డం మీంచి కారుతోంది. నుదుటి పట్టీ సర్దుకుని, ఊరుగాని ఊళ్ళో ముక్కూమొహం తెలియని మనిషి వాకిట్లో నిలబడి అడిగినట్టు అడిగింది.

"అయ్యా, బరువు మీదున్నాను. రావచ్చా?"

"రండమ్మా, రండి. ఇది మీదే."

మాట బయటపడ్డాక అది తన గొంతేనని ఫిదెన్సియోకి తెలిసింది. అప్పటికే చేయి కంప మీద పడింది. ముల్లు అరచేతిలో దిగింది. కొమ్మ లాగాడు. మనిషి పట్టేంత సందు పడింది.

గట్టు మీద కల్లుముంత ముసలాయన పడీ పడీ నవ్వడం మొదలుపెట్టాడు.

"మీ దయ, అయ్యా," అంది ఎర్లిందా. బరువు వంగనిచ్చినంత తల వంచింది.

ఆ వంచిన క్షణంలో మసెదోనియా వచ్చేసింది. రావచ్చా లేదు, మీ దయ లేదు. భుజం ముందుకి పెట్టి సందులోంచి దూరి బాటెక్కేసింది. ఎర్లిందా వెనకాల పడింది. బాట సన్నం. ఇటు పైరు, అటు పైరు. ముందు బుట్టని వెనక బుట్ట దాటే చోటు లేదు. మొక్కజొన్న ఆకుల మధ్య రెండు బుట్టలు ఒకదాని వెనక ఒకటి ఊగుతూ గుడివైపు పోయాయి. తర్వాత మిగతా ఆడవాళ్ళంతా వచ్చిపడ్డారు. ఇక కంపని ఎవరు ఆపగలరు? ఫిదెన్సియో పూర్తిగా లాగి పక్కన పడేశాడు.

ఒదిలోన్ జెండా దించాడు. "విన్నారుగా అందరూ? 'ఇది మీదే' అన్నారు మా కొంపాద్రే."

"మా ఆవిడతో అన్నాను!" అని అరిచాడు ఫిదెన్సియో.

"మీ ఆవిడని 'రండమ్మా' అంటారా, కొంపాద్రే?"

గట్టంతా గొల్లుమంది. నేలని వెనక్కి తీసుకోవచ్చు. ఇచ్చిన మాటని కూడా తెగిస్తే తీసుకోవచ్చు. మర్యాదని వెనక్కి తీసుకున్నవాడు ఆ ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు.

* * *

గుడి వాకిట్లో పొడుగు బల్లలు వేశారు. ఎండుమిరపకాయల ముద్దతో చిక్కగా వండిన మోలే కూర, చిక్కుడు గింజలు, నూటికి పైగా ఆడవాళ్ళ రొట్టెలు. ఫిదెన్సియో ఒక మూల కూర్చుని చేత్తో రొట్టె పట్టుకోలేక పట్టుకుంటున్నాడు. ఒకటి తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఎవరి బుట్టలోదో అడగక్కర్లేకపోయింది. అంచు కొంచెం మందంగా ఉంటే అది ఎర్లిందాదే.

మిక్సీ డబ్బా చంకన పెట్టుకుని ఆమె వచ్చి పక్కన కూర్చుంది. జనం ఇంకా ఆమె వీపు తట్టి పోతున్నారు. మొహం ఎండకి కమిలి వెలుగుతోంది. ఇంత కమిలి, ఇంత వెలిగిన మొహం ఫిదెన్సియో చాలాకాలంగా చూడలేదు.

"చెయ్యి చూపించు," అంది.

టర్కీకోడితో కాదు. అతనితోనే.

ఫిదెన్సియో చేయి చాచాడు. ఆమె జాకెట్టు పిన్నీసు తీసి, ముల్లు చుట్టూ చర్మం మెల్లగా కెలికింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"అబద్ధాలకోరు."

"మేకల సందులోంచి పోవచ్చుగా," అన్నాడు. "మొదట వచ్చేదానివి. ఆగావెందుకు?"

"మనిషి చేనది. అడక్కుండా ఎలా పోతాను?"

ముల్లు బయటికొచ్చింది. ఆమె దాన్ని ఎండకేసి పట్టుకుని చూసి, పారేసింది.

"ఆ బాట ఇంకో అరగజం ఉంటేనా," అంది పళ్ళు బిగబట్టి. "ఆ మసెదోనియా బుట్ట పక్కనుంచి పోయి చూపించేదాన్ని. నా ముందు ఆ బుట్ట అలా ఊగుతుంటే, దేవుడా, కొరకాలనిపించింది."

"చప్పట్లు కొట్టారా?"

"విన్లేదూ?"

"చేలో ఉన్నాను. పడ్డ పైరు నిలబెడుతున్నాను."

"కొట్టారు," అంది. ఒక రొట్టె చుట్టి, కూరలో ముంచి, అతని ఎడమచేతిలో పెట్టింది.

* * *

మర్నాడు పొద్దున ఒదిలోన్ మేకులు, సుత్తి, తాడు, సున్నం డబ్బా పట్టుకుని చేను అంచుకి వచ్చాడు. ఈసారి ఈల వేయలేదు. టోపీ తీసి, గొంతు సవరించుకున్నాడు.

"కొంపాద్రే. రావచ్చా?"

ఫిదెన్సియో గుమ్మడి తీగ సర్దుతున్నాడు. సర్దడం పూర్తయ్యేదాకా సర్దాడు.

"రండి," అన్నాడు. మిగతా సగం మింగేశాడు. నిన్న ఆ మిగతా సగం ఖరీదు పడింది.

ఇద్దరూ తాడు పట్టారు. పొడుగు కొలిచారు. వెడల్పుకి ఒదిలోన్ రెండు గజాలు వేసి మేకు పాతాడు. "కమిటీ అనుకున్నది ఇదే. అంతకంటే జానెడు కూడా వద్దు మాకు."

ఫిదెన్సియో మేకు వైపు చూశాడు. వంగి, పీకాడు. ఒదిలోన్ భుజాలు బిగుసుకున్నాయి, మళ్ళీ జగడం మొదలనుకుని. ఫిదెన్సియో మేకుని లోపలికి, తన పైరులోకి, ఇంకో అరగజం జరిపి నేలకి గుచ్చాడు. మడమతో తొక్కాడు.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు ఒదిలోన్.

తాడు అతని చేతిలోంచి జారిపోయింది. 'నీకు' అన్న మాట మొక్కజొన్న ఆకుల మీద ఆగి ఇద్దర్నీ చూస్తోంది.

"ఏమన్నారు, కొంపాద్రే?" అన్నాడు ఫిదెన్సియో చాలా మర్యాదగా.

ఒదిలోన్ టోపీ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "అరగజం ఎందుకు జరిపారని అడిగాను."

"అలా అడగలేదే మీరు."

"ఎలా అడిగానో... సభలో చెబుతారా?"

ఫిదెన్సియో చెబుతాననలేదు. చెప్పననీ అనలేదు. "అరగజం ఎందుకో వచ్చే పండక్కి మసెదోనియా అమ్మగారిని అడగండి," అన్నాడు. "కల్లు తెచ్చేది ఇప్పుడు నేనో, మీరో, అది కూడా ఆమెనే అడగండి."

ఒదిలోన్ సున్నం డబ్బా తీసుకుని, అడుగులో అడుగు వేస్తూ గీత పోసుకుంటూ పోయాడు. తెల్లటి గీత పైరు మధ్యలోంచి గుడిదాకా పాకింది. ఇంట్లో కొత్త మిక్సీ గరగరలాడి ఆగిపోయింది. ఎర్లిందా దాన్ని తిట్టడం చేలోకి వినపడింది.

ఫిదెన్సియో గీత పక్కన నిలబడి, తాత చేతి నేలలో తను పోగొట్టుకున్నదాన్ని కళ్ళతో కొలుచుకున్నాడు. పొడుగు నూట ముప్ఫై ఆరు గజాలు. వెడల్పు ఊరు తీసుకున్నవి రెండు గజాలు, తను వదులుకున్నది అరగజం. మొత్తం మూడు వందల నలభై చదరపు గజాలు.